ఆర్-12 దొరికిందని చెప్పాను

నాంపల్లి స్టేషన్ పక్క మైదానంలో దిగేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర. 2003, మే నెల. నలభై మూడు డిగ్రీలు. రెండు టెంట్లు, ఒక వైర్‌లెస్ సెట్టు, ఒక పాత అంబులెన్సు. రైళ్లలో వచ్చే జబ్బు జవాన్లను ఆసుపత్రికి చేర్చడం మా డ్యూటీ. నేను హవల్దారును, బండ్ల మెకానిక్‌ను. మీరంతా యుద్ధం కథ అడుగుతారు. నా దగ్గరున్నది ఇదే.

మూడో వారం అంబులెన్సు ఏసీ చల్లబడడం మానేసింది. ఆర్-12 గ్యాస్‌తో చల్లబడే పాత ఏసీ అది. ఆ గ్యాస్ తయారీ ఆగిపోతున్న రోజులవి. మా స్టోరులో ఖాళీ సిలిండర్లే మిగిలాయి. మర్నాడు సాయంత్రం నాలుగు గంటల రైలుకు గుండె జబ్బు జవాను వస్తున్నాడు. ఆలోగా ఏసీ నడవాలని సుబేదార్ సాబ్ ఆర్డరు.

నాతో ఉన్న ఫిట్టర్‌ది మెదక్. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న, పనిలో నాకంటే నిదానం.

“కొత్త గ్యాస్, 134ఏ ఎక్కిద్దామన్నా. కంప్రెసర్ల నూనె మార్చాలె, రబ్బర్లు మార్చాలె. రెండ్రోజులైతది.”

“రెండ్రోజులు ఏడున్నయిరా?” అని కసిరాను.

మర్నాడు పొద్దున తొమ్మిదికి ఒక్కణ్ణే బండి తీసుకుని అబిడ్స్ వెనక గల్లీలో ఏసీ మిస్త్రీ దగ్గరికి పోయాను.

“ఆర్-12 ఇప్పుడేడ దొరుకుతది సాబ్? గీ గ్యాస్ ఎక్కించుకోండ్రి. ఏం మార్చేది లేదు, అర్ధగంట పని. గానీ ఇది మండుతది. మంట దగ్గరికి రానీయకుండ్రి. బానెట్ మీద జర రాసి పెట్టుండ్రి.”

ఎక్కించాడు. నేను రాయలేదు. మా రిజిస్టర్లో ఆర్-12 అని ఉంది; అది మార్చాలంటే పైనుంచి కాగితం రావాలి. ఫిట్టర్‌తో వాదన వేరే. అందుకే వాడికి, “ఆర్-12 దొరికిందిరా, ఆఖరి సిలిండర్” అని చెప్పాను.

“మంచిగైందన్నా,” అని నవ్వాడు. నా మాట నమ్మాడు.

ఒకటిన్నరకు ఐసు కోసం మొజంజాహీ మార్కెట్‌కు వెళ్లాను. ఆ వేళలో చల్లదనం మళ్లీ తగ్గిందట. ఆర్-12 లీకు పట్టడానికి మా దగ్గర చిన్న దీపం ఉండేది. గ్యాస్ తగిలితే మంట ఆకుపచ్చగా మారుతుంది. ఆర్-12 మండదు కనుక భయం లేదు. వడగాలికి దీపం ఆరిపోకుండా ఫిట్టర్ తలుపులన్నీ మూసి, లోపల కూర్చుని వెలిగించాడు.

ఐసు గోనెతో తిరిగొచ్చేసరికి వైర్‌లెస్ దగ్గర సిపాయి ఒకటే మాట అరుస్తున్నాడు. “బండి కాలింది. మనిషి లోపలున్నడు. ఓవర్.”

మనిషి బతికాడు. కళ్లు పోయాయి. విచారణలో ఫిట్టర్ అజాగ్రత్త అని రాశారు. సాక్షిగా సంతకం చేసింది నేను. ఆ సంతకం పెట్టిన చెయ్యంటే నాకు ఇప్పటికీ అసహ్యం.

ఆగస్టులో డ్యూటీ ముగిసింది. రైలెక్కే ముందు ఫిట్టర్‌కు నిజం చెప్పేద్దామని ఆసుపత్రికి వెళ్లాను. ముఖమంతా కట్టు. మంచం పక్క స్టూలు మీద కూర్చుని పేరు పెట్టి పిలిచాను. నా గొంతు వచ్చిన వైపు తిరిగాడు.

“దీపం నేనే సరిగ పట్టుకోలేదేమో అన్నా. నువ్వు గంత తిరిగి గ్యాస్ తెస్తివి. ఖరాబ్ చేసిన.”

స్టూలు మీంచి చప్పుడు కాకుండా లేచాను. వార్డు తలుపు దగ్గర ఆగి చూశాను.

వాడు ఆ ఖాళీ స్టూలు వైపే ముఖం పెట్టి, నాకు క్షమాపణ చెబుతూనే ఉన్నాడు.