స్టాంపు అక్కకు అడ్డొచ్చిన ఎర్ర తెర

మా ప్రభుత్వాసుపత్రి ల్యాబులో ఆమెను అందరూ స్టాంపు అక్క అంటారు. రక్తపరీక్షల రిపోర్టులు టైపు చేసి ప్రింటు తీసి ఇచ్చే గుమాస్తా. ప్రింటులో పడే తేదీ ఎప్పుడూ తప్పే. దాన్ని పెన్నుతో కొట్టేసి, పక్కన రబ్బరు స్టాంపుతో అసలు తేదీ వేసి, ఉఫ్‌మని ఊది ఆరబెట్టి ఇస్తుంది. ప్రింటరుకు తేదీ సరిగ్గా రాదని చెప్పింది. రక్తం తీసే నేను ఆరేళ్లుగా పక్క బల్ల దగ్గరే కూర్చుంటున్నాను. ఆరేళ్లూ నమ్మాను. ప్రింటరుకూ తేదీకీ ఏం సంబంధమని ఒక్కసారైనా అడగలేదు. నా తెలివితేటలు తలుచుకుంటే నాకే ఒళ్లు మండుతుంది.

ఆమె అందరికంటే ముందు వస్తుంది, అందరూ వెళ్లాక వెళుతుంది. ఆమె కుర్చీలో ఇంకొకరు కూర్చోరు. ఆమె మౌసు మీద ఇంకొకరు చెయ్యి వేయరు. ఒకసారి నేను వేశాను. ఒక్క చూపు చూసింది. మళ్లీ వేయలేదు.

ఆమె భర్త వేరే ఊళ్లో బస్సు డిపోలో టైర్లు మార్చే ఉద్యోగి. పెళ్లయి పదకొండేళ్లు. అందులో ఒక ఇంట్లో ఉన్నది రెండేళ్లు. మా శాఖలో బదిలీ దరఖాస్తులు మూడేళ్లకోసారి తీసుకుంటారు, అదీ మూడే రోజులు, శాఖ వెబ్‌సైటులో. ఆ సైటు ఆఫీసు కంప్యూటర్లలో తప్ప తెరుచుకోదు. రెండుసార్లు పెట్టుకుంది, రెండుసార్లూ ఖాళీ లేదన్నారు. ఈసారి ఆ ఊరి ఆసుపత్రిలో గుమాస్తా రిటైరయ్యాడు. ఒకే ఒక్క ఖాళీ.

మొదటిరోజు సైటు తెరిస్తే ఎర్ర తెర వచ్చింది. ఈ కనెక్షన్ సురక్షితం కాదు, మీ వివరాలు ఎవరైనా కాజేయవచ్చు అని హెచ్చరిక. ఆమె చలించలేదు. వారం వారం లెక్కలు పంపే సైటు కూడా ఆమెను ఇలాగే భయపెట్టేది. ‘అడ్వాన్స్‌డ్’ అన్నదాన్ని నొక్కి, ఆ కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే ‘అయినా వెళతాను’ నొక్కితే నోరు మూసుకునేది. ఈసారి ‘అడ్వాన్స్‌డ్’ నొక్కింది. కింద చిన్న అక్షరాలు లేవు. జనం ఎగబడి ఉంటారు, రేపు చూద్దామనుకుంది. రెండోరోజూ అదే తెర. ఇంకా ఎగబడుతున్నారనుకుంది.

మూడోరోజు సాయంత్రం ఐదింటికి గడువు. నాలుగింటికి ఇక లాభం లేదని కంప్యూటర్లు బాగుచేసే అతన్ని పిలిచింది. మేమతన్ని ఆఫ్-ఆన్ అంటాం. ఏ జబ్బుకైనా ముందు అదే వైద్యం. వచ్చీ రాగానే స్విచ్చి మీద చెయ్యి వేయబోతే ఆమె అడ్డుపడింది. రిపోర్టుల ప్రోగ్రాం నడుస్తోందట. ఆపితే మళ్లీ లేవడానికి అరగంట పడుతుందట. తన ఒకే ఒక్క విద్య పనికిరాకపోయేసరికి అతను దిగాలుపడ్డాడు. నెట్ వైరు పీకి పెట్టాడు. బ్రౌజరు చరిత్రంతా చెరిపాడు. ఇంకో బ్రౌజరు తెచ్చి పెట్టాడు. తెర ఎర్రగానే ఉంది. అప్పుడు, ఇంకేమీ తోచక, ఆ హెచ్చరికను చదివాడు. మా ఆసుపత్రిలో దాన్ని చదివిన మొదటి మనిషి అతనే.

ప్రతి సైటుకూ ఒక సర్టిఫికెట్ ఉంటుందని, ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు చెల్లుతుందని దానిమీద ఉంటుందని మాకు చెప్పాడు. తెరిచి చూపించాడు. పోయిన నెలలో మొదలై వచ్చే ఏడాది దాకా ఉంది.

“నిక్షేపంలా ఉందక్కా. కానీ మీ కంప్యూటరేమో ఇది ఇంకా పుట్టనే లేదంటోంది,” అన్నాడు. తర్వాత తెర మూల ఉన్న తేదీ చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. తొమ్మిదేళ్ల కిందటి తేదీ.

అక్క చేతిలోని స్టాంపు బల్లమీద పెట్టి చెప్పేసింది. రిపోర్టుల ప్రోగ్రాం గడువు ఎప్పుడో తీరిపోయింది. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడింది. కొత్తది కావాలని పైకి పంపిన కాగితం ఇంకా కిందకి రాలేదు. రిపోర్టులు ఆగితే వార్డులో మందులాగుతాయి. అందుకని పొద్దున్నే వచ్చి తేదీని గడువు లోపలి ఏడాదికి జరుపుతుంది. సాయంత్రం అందరూ వెళ్లాక ప్రోగ్రాం మూసి మళ్లీ ఈ కాలానికి తెస్తుంది.

“రోజూనా?” అన్నాడు ఆఫ్-ఆన్.

“ఆదివారం సెలవు కదా,” అంది.

తేదీ సరిచేస్తే సైటు నిమిషంలో తెరుచుకుంటుంది. కానీ ప్రోగ్రాం తెరిచి ఉండగా ఈ ఏడాది తేదీ కంటపడితే అది ఇక ఈ జన్మకు తెరుచుకోదు. కాబట్టి ముందు మూయాలి. అప్పటికి నాలుగూ ముప్పై ఐదు. ఇంకా పదకొండు రిపోర్టులున్నాయి. ఒక్కోదానికి మూడు నిమిషాలు. బయట బెంచీ మీద పదకొండు మంది.

బెంచీ మీద ఒక్కరున్నా పని ఆపే రకం కాదు ఆమె. ఆ రోజు కూడా ఒకటి తీసి టైపు చేయడం మొదలుపెట్టింది. నాకు కోపం ఆగలేదు.

“అక్కా, వాళ్లకి రేపుంది. నీకు మళ్లీ మూడేళ్లకి గానీ లేదు,” అన్నాను.

చేతులు ఆగిపోయాయి. లేచి బయటికెళ్లి, ఐదు గంటలు దాటాక రిపోర్టులు చేత్తో రాసిస్తానని, కాస్త ఓపిక పట్టమని బెంచీ మీద వాళ్లను అడిగింది. ఒకాయన సణిగాడు. ఆమె చేతులు జోడించింది. ఆరేళ్లలో ఆమె తన కోసం ఒకరిని ఏదైనా అడగడం నేను చూసింది అదే మొదటిసారి.

ప్రోగ్రాం మూసింది. తేదీ మార్చింది. సైటు ఏ ఎరుపూ లేకుండా, మూడు రోజులుగా ఏమీ జరగనట్టు తెరుచుకుంది. పేరు, ఉద్యోగం, కావలసిన ఊరు చకచకా నింపింది. ‘బదిలీ కోరడానికి కారణం’ అన్న గడి దగ్గర ఆగింది. పోయిన రెండుసార్లూ ‘కుటుంబ కారణాలు’ అని రాసిందట. నాలుగూ యాభై మూడు. ఆఫ్-ఆన్ గోడ గడియారం వైపు, నేను ఆమె వేళ్ల వైపు చూస్తున్నాం. నాలుగు మాటలు టైపు చేసి పంపేసింది. ఏం రాశావని అడిగితే చెప్పలేదు. తర్వాత పెన్ను తీసుకుని, యంత్రం ఇచ్చిన చీటీలు చూస్తూ, పదకొండు రిపోర్టులూ గుండ్రటి అక్షరాల్లో రాసింది. ఆరున్నర అయింది. తేదీ కొట్టేయాల్సిన పనే పడలేదు.

నలభై రోజులకు ఉత్తర్వు వచ్చింది. ఆమె కవరు నా చేతికిస్తే నేనే చింపి చదివాను. పైన ఎవరికీ ఓపిక లేక కాబోలు, దరఖాస్తులో ఉన్నది ఉన్నట్టే అచ్చేశారు.

కారణం: ఆయన ఒక్కడే అన్నం తింటున్నాడు.

నిర్ణయం: మంజూరు.