పశువుల సాలలో మీటింగు

మా పశువైద్యుల నెలవారీ మీటింగు ఫోన్లోకి వచ్చేసిందని తెలిసిన రోజు మా ఇంట్లో అందరూ సంతోషించారు, నేను తప్ప. గజపతినగరం నుంచి విజయనగరం దాకా బస్సులో పడి వెళ్లక్కర్లేదు, హాయిగా ఇంట్లోనే కూర్చోవచ్చు కదా అన్నారు. వాళ్లకేం తెలుసు? మధ్యాహ్నం క్యారేజీలు విప్పాకే మాకు అసలు మీటింగు.

పొద్దున్నంతా టార్గెట్లు, టీకాలు, ఎవరు వెనకబడ్డారు, ఎందుకు వెనకబడ్డారు. ఆ చీవాట్లన్నీ అరగకముందే భోజనాలు. సముద్రం వైపు ఊళ్లో పనిచేసే ఆవిడ వంకాయ ఎండురొయ్యల కూర తెచ్చేది. ఆ గిన్నె చుట్టూ చేరి మేం మాట్లాడుకునేదంతా పేడలూ, పురుళ్లూ, పొదుగువాపులే. బయటివాళ్లెవరైనా పక్కన కూర్చుంటే ఇక అన్నం ముట్టరు. నా చిక్కు కేసులన్నీ అక్కడే తేలేవి. నాది ఒక్క డాక్టరు ఉండే ఆసుపత్రి. ఏదైనా తోచకపోతే అడుగుదామన్నా పక్క గదిలో మనిషి ఉండడు.

ఫోన్ మీటింగులో ఆ సుఖం లేదు. సిగ్నల్ కోసం డాబా ఎక్కి నీళ్ల ట్యాంకు నీడలో కూర్చునేదాన్ని. ఒకరి నుదురు కనిపిస్తుంది, ఇంకొకరి ఫ్యాను కనిపిస్తుంది, మిగతా అందరూ నల్లటి డబ్బాలు. నంబర్లు చదవడం అవగానే థ్యాంక్యూలు చెప్పుకుని మాయమైపోతారు. కింద నుంచి మా అత్తగారు, "అయిపోనాదా మీ సినిమా?" అని కేకేసేది. నిజమే, అందులో నేనూ ప్రేక్షకురాలినే. ఆ మీటింగులంటే నాకు ఒళ్లు మండేది.

అలాంటి ఒక మీటింగు రోజున, సరిగ్గా మొదలయ్యే వేళకి, పక్క ఊరి నుంచి కబురొచ్చింది. భార్యాభర్తలు ఇద్దరూ మాకు తెలిసినవాళ్లే, వరి పండించుకునే మనుషులు. ఇంట్లో ఉన్నది ఒకటే గేదె, దానికిది తొలిచూలు. తెల్లారినప్పటి నుంచి నొప్పులు పడుతోంది, దూడ రావట్లేదు.

వెళ్లి చెయ్యి పెట్టి చూశాను. దూడ ముందు కాళ్లు రెండూ దారిలోనే ఉన్నాయి. తల మాత్రం వెనక్కి తిరిగి పక్కటెముకల మీద వాలిపోయి ఉంది. అలాగే లాగితే తల్లీ పోతుంది, దూడా పోతుంది. తల తిప్పాలంటే నా చెయ్యి అందట్లేదు. నేను పొట్టిదాన్ని, నా చేతులూ అంతే. గేదె ముక్కినప్పుడల్లా మోచేతి దాకా నలిగిపోతోంది.

"డాక్టరమ్మా, బతుకుతాదా?" అని అడిగింది ఇంటావిడ. నేను మళ్లీ చెయ్యి లోపలికి పెట్టాను.

హాజరు పోతుందన్న భయంతో ముందే మీటింగులో చేరి, ఫోను గడ్డిమోపు మీద పెట్టి ఉంచాను. అందులోంచి మా జిల్లా అధికారి నా ఊరు పేరు పిలిచి టీకాల లెక్క అడిగారు. మామూలుగా అయితే సారీ సర్ అనేదాన్ని. ఆ రోజు నాకు ఓపిక లేదు.

"సర్, నేను సాలలో ఉన్నాను. దూడ తల వెనక్కి తిరిగిపోయింది. నా చెయ్యి అందట్లేదు."

ఇక తిట్లే అనుకున్నాను. "ఎడమకా, కుడికా?" అని అడిగారాయన. ఎన్నేళ్లుగా ఫైళ్లు చూస్తున్నా ఆయనా పశువైద్యుడేనన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది నాకు. నల్ల డబ్బాలు ఒక్కొక్కటే తెరుచుకుని మొహాలయ్యాయి. అందరూ ఒకేసారి సలహాలు మొదలుపెట్టారు. రామతీర్థం వైపు పనిచేసే పెద్దాయన వాళ్లందర్నీ ఆపి, "అమ్మాయ్, గేదెని పల్లానికి తిప్పించు. వెనక కాళ్లు ఎత్తులో ఉండాలి. దూడ లోపలికి జారి నీకు చోటిస్తుంది" అన్నారు.

సాల ముందు వాకిలి వాలుగానే ఉంది. ఇంటాయన పగ్గం పట్టి గేదెని తిప్పి నిలబెట్టాడు. ఇంటావిడ ఫోను పట్టుకుంది. నొప్పి ఆగినప్పుడల్లా దూడ ఛాతీ మీద చెయ్యి వేసి మెల్లగా లోపలికి నెట్టాను. జారింది. వేళ్లకి చెవి తగిలింది, తర్వాత కన్ను, తర్వాత దవడ. దవడకి తాడు ఉచ్చు వేసి, తల దారిలోకి తిప్పి, నొప్పి వచ్చినప్పుడు మాత్రమే లాగాం.

దూడ కింద పడింది. కదల్లేదు. ముక్కులో గడ్డిపరక పెట్టి తిప్పాను, ఎండుగడ్డితో ఒళ్లంతా గట్టిగా రుద్దాను. తుమ్మింది. పెయ్యదూడ.

ఫోన్లోంచి చప్పట్లు. ఎండురొయ్యల కూర ఆవిడ కళ్లు తుడుచుకుంటోంది. నాకూ ఏడుపొచ్చింది, కానీ నా చేతులున్న తీరుకి కళ్లు తుడుచుకునే వీలు లేదు. జిల్లా అధికారి గొంతు సవరించుకుని, టీకాల లెక్క రేపు పంపమన్నారు.

ఇంటావిడ ఫోను దూడ దగ్గరికి తీసుకెళ్లి అందరికీ చూపించింది. జున్ను తినడానికి రమ్మని ఒక్కొక్క మొహాన్నీ పిలిచింది. అందరూ సరే సరే అన్నారు. ఫోను నాకిచ్చేటప్పుడు నా వైపు వింతగా చూసింది.

"నీకింతమంది ఉన్నారేటమ్మా? నువ్వొక్కర్తివే అనుకున్నాను."

ఏం చెప్పను, నేనూ అలాగే అనుకున్నాను.