కొమ్ములున్న అక్షరాలు

వీధిలో అందరూ ఆమెను కుంచెక్క అంటారు. మోకాళ్లు మొరాయించి ఆమె నిచ్చెన దిగింది గానీ, ఆమె రాసిన అక్షరాలు గోడలు దిగలేదు. ఎండకు వెలిసీ, వానకు నానీ, ఎక్కిన చోటే మొండిగా నిలబడ్డాయి. కూతురు వాటన్నిటినీ ఫొటోలు తీసి ఫాంటుగా మలిచింది. కుంచెక్క ఇప్పుడు కుర్చీలో కూర్చునే బోర్డులు రాస్తోంది.

మొదటి బోర్డు పుస్తకాల అంగడిది. ఫ్లెక్సీలు అచ్చువేసే మరిదికి వర్డ్ ఫైలు పంపింది. అతను తీసిచ్చిన నమూనాలో ఆమె అక్షరం ఒక్కటీ లేదు. ఏవో బొద్దు అక్షరాలు. అందులోనూ కొమ్ము రాలిపోయి, "పస్తకాలు" అని ఉంది.

"పస్తకాలా? నన్ను పస్తులుండమనా?" అన్నాడు అంగడాయన.

మరిది నవ్వేశాడు. "మా మెషిన్లో నీ ఫాంటు లేదు వదినా. ఉన్నదాంతో సర్దుకుంది. కొమ్ము నేను తగిలిస్తాలే. చదవగలిగితే చాలదూ? నీ అక్షరాలకేమన్నా కొమ్ములున్నాయా?"

"ఉన్నాయి కాబట్టే కదయ్యా, నువ్వు విరిచింది!"

ఇంటికొచ్చి కూతురి దగ్గర కూలబడింది. ఉక్రోషం ఇంకా చల్లారలేదు.

"వర్డ్ ఫైలు చేతులూపుకుంటూ చుట్టాలింటికి వెళ్తుందమ్మా. అక్కడేముంటే అదే కట్టుకోవాలి," అంది కూతురు. "పీడీఎఫ్ అలా కాదు. ఫాంటును లోపల పెట్టి పంపితే, తన బట్టలు తనే మూటగట్టుకుని వెళ్తుంది. ఎక్కడ విప్పినా అదే రూపు."

"మీ బాబాయి వేలు పెడితే?"

"పెట్టొచ్చు. వర్డ్‌లో పెట్టినంత సులువు మాత్రం కాదు."

"చాలు. కట్టవే మూట."

ఈసారి మరిది ప్రెస్సులో తెర మీద ఆమె అక్షరాలే తెరుచుకున్నాయి, తడి ఆరని రంగులా, ఇప్పుడే చెయ్యి వదిలినట్టుగా. ఆమె తెర మీది కొమ్మును వేలితో తడిమి చూసింది.

"బాగానే ఉంది గానీ, షీటు అంచు దాటి పోతోంది వదినా. వర్డ్ ఫైలివ్వు, మా మెషిన్ అక్షరాల్లో బిగించేస్తాను."

"ఇవ్వను."

"ఊళ్లో అందరూ ఒప్పుకుంటారు. నీకేం పట్టుదల?"

"అన్ని గోడలూ ఒకే గొంతుతో మాట్లాడితే, అది వీధి కాదయ్యా, బడిలో ఎక్కాల పాఠం."

అంగడాయన కిసుక్కుమన్నాడు. మరిది మొహం ముడుచుకున్నాడు.

"ఏం చెయ్యమంటావ్ మరి? నీ అక్షరాలకి నా షీటు చాలదు!"

"అయితే షీటు పెంచు."

మరిది గొణుక్కుంటూనే అటక మీది వెడల్పాటి ఫ్లెక్సీ చుట్టను కిందికి దించాడు.