బాకీ తీరిన తెల్ల కారు

మా ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో ఎదురింటి వాళ్లు కొత్త కారు కొన్న రోజున దానికి దిష్టి తీసింది నేనే. మా బ్లాకులో కాపురముండే తెలుగువాళ్లలో నేనే పెద్దదాన్ని. ఎదురింటమ్మాయి నాకంటే బాగా చిన్నది, బెజవాడ పిల్ల, నన్ను వదినగారూ అని పిలిచేది. పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ల పళ్లెం నా చేతికిచ్చి, "మీ చేత్తో తిప్పండి వదినగారూ, మాకు మంచి జరుగుద్ది" అంది.

తిప్పాను. వెండిరంగు కారు, లోపల ఏసీ, సీట్లకి ఇంకా తియ్యని ప్లాస్టిక్ తొడుగులు, చక్రాల కింద నిమ్మకాయలు. ఇరుగుదిష్టి పొరుగుదిష్టి అని పైకి గొణుగుతున్నాను గాని, ఆ పూట ఆ కారుకి దిష్టంటూ తగిలితే అది నాదే. కళ్లు ఆ కారు మీంచి తిప్పుకోలేకపోయాను. వాళ్లాయన మావారి ఆఫీసులోనే, మావారికంటే కింది ఉద్యోగంలో ఉన్నాడు. అప్పు ఇచ్చే బ్యాంకు ఉంది, తీసుకునే ధైర్యం అతనికుంది, కారు వచ్చింది. ఎంత సులువుగా అయిపోయిందో అనిపించి ఒళ్లు మండింది.

తిప్పేశాక ఎర్రనీళ్లు ఎవరూ తొక్కని చోట పోయాలి. క్వార్టర్స్‌లో ఎవరూ తొక్కని చోటు ఎక్కడుంటుంది? కిందంతా స్కూటర్లు, కూరల బండివాడు, పిల్లల క్రికెట్టు. పక్కనే మా కారు కనిపిస్తే దాని ముందు చక్రం దగ్గర పోసేసి పైకొచ్చాను. మావారు బాల్కనీలోంచి అంతా చూశారు. నవ్వాపుకోలేక, "వాళ్ల దిష్టంతా తీసి తెచ్చి మన కారుకి పోశావేమిటే?" అన్నారు.

"మన కారుకి దిష్టి తగలాలంటే ముందు దాన్నెవరైనా చూడాలి కదండీ" అన్నాను.

మా కారు చిన్నది, తెల్లది. తెల్లదని కాగితాల్లో ఉండేది, కంటికి మాత్రం పాత బనీను రంగు. వెనక ఎడమవైపు తలుపు బయటినుంచే తెరుచుకునేది. కిటికీ అద్దం దించుకునే పిడి కారు మొత్తానికి ఒక్కటే మిగిలింది. ఎవరికి గాలి కావాలంటే వాళ్లు దాన్ని అడిగి తీసుకుని, తిప్పుకుని, పక్కవాళ్లకి అందించేవాళ్లం. మే నెలలో తడి తువ్వాలు నెత్తిన వేసుకుని ఎక్కేదాన్ని. ఆఫీసు వాళ్లిచ్చిన అడ్వాన్సుతో కొన్నారు మావారు దాన్ని. జీతంలో నెలనెలా కోత పడుతుంటే ఏళ్లతరబడి ఓర్చుకున్నాం. ఆఖరి కోత పడిన సాయంత్రం ఆయన వేడివేడి జిలేబీ పొట్లం తెచ్చి, ఇక కారు కోసం అప్పు చేసే ప్రసక్తే లేదని ప్రకటించారు. అప్పటినుంచి నేను కొత్త కారు మాట ఎత్తితే చాలు, "మనం ఎవరికీ దమ్మిడీ బాకీ లేం, అది చూసుకో" అనేవారు.

ఏం చూసుకోను? బాకీ లేకపోవడం బయటికి కనపడదు. ఏసీ కనపడుతుంది. ఎండాకాలంలో బిగించిన అద్దాలు కనపడతాయి. మా అమ్మాయి స్కూలు నుంచి వస్తూనే బ్యాగు విసిరేసి, "మమ్మీ, ఆంటీ కీ గాడీ మే ఏసీ హై. హమారీ మే క్యా హై?" అని, ఆంటీ వాళ్ల కారులో ఏసీ ఉంటే మన కారులో ఏముందని అడిగేది. మనకి అప్పు లేదమ్మా అని ఆ వయసు పిల్లకి ఎలా చెప్పాలి? హిందీలో చెప్పినా తెలుగులో చెప్పినా అది ఏడుపులాగే వినపడుతుంది.

నా కోరిక పెద్దదేం కాదు. నన్ను చూసి, నా దగ్గరున్నదేదో ఒకటి చూసి, ఒక్క మనిషి ఒక్కసారి కుళ్లుకోవాలి. పెళ్లయి ఢిల్లీ వచ్చిన దగ్గర్నుంచి ఆ పని నా వంతే అయింది. పెద్ద క్వార్టరు వచ్చిన వాళ్లని చూసి నేనే, ఫ్రిజ్జు మార్చిన వాళ్లని చూసి నేనే. ఇప్పుడీ వెండిరంగు కారు. ఆదివారం సాయంత్రం వాళ్లు షికారుకి బయల్దేరే వేళకి నేను బాల్కనీలో ఆరిన బట్టల్నే మళ్లీ ఆరేస్తూ నిలబడేదాన్ని. వాళ్లాయన పసుపుపచ్చ గుడ్డతో కారంతా తుడిచేవాడు. ఎదురింటమ్మాయి చెప్పులు దులుపుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, గుళ్లోకి అడుగుపెడుతున్నట్టు ఎక్కేది. తలుపు మెత్తగా మూసుకునేది. మా కారు తలుపు వేస్తే మూడో అంతస్తు వాళ్లు కిందికి తొంగి చూసేవారు.

ఒక్క విషయం చెప్పడం మరిచాను. నాకు డ్రైవింగు వచ్చు. దాన్ని నేనెప్పుడూ గొప్పగా అనుకోలేదు. పాత కారు కాబట్టి మావారు బెంగ లేకుండా నేర్పారు. మొదటి వారంలోనే గేటు స్తంభానికి రాసుకుపోతే ఆయన దిగి, వంగి చూసి, "ఇంకో గీత. పద, పద" అని మళ్లీ ఎక్కి కూర్చున్నారు. ఆయన బస్సులో ఆఫీసుకి పోయేవారు. నేను కారు తీసుకుని అమ్మాయిని స్కూల్లో దింపి, ఐ.ఎన్.ఏ. మార్కెట్టులో గోంగూర, ములక్కాడలు కొనుక్కుని వచ్చేదాన్ని.

ఆ మరుసటి వేసవిలో ఒకరోజు పొద్దున్నే ఎదురింటమ్మాయి తలుపు తట్టింది. చేతిలో టిఫిన్ క్యారియర్, కళ్లలో కంగారు.

"వదినగారూ, మా చెల్లెలు జమ్మూ వెళ్తోందండీ, వాళ్లాయన మిలిటరీ కదా. నిజాముద్దీన్ స్టేషన్‌లో బండి కాసేపు ఆగుద్దంట. దాన్ని చూసి ఏళ్లయిపోయింది. ఇవాళేమో ఆటోలు స్ట్రైకంట..."

"మీ కారుందిగా?" అన్నాను. వాళ్లాయన టూరు మీద లక్నో వెళ్లాడని నాకు తెలుసు. ఆ పిల్ల నోటితో వినాలని అడిగాను.

"ఆయన ఊళ్లో లేరుగా. నాకు నడపడం రాదుగా."

"నేను నడుపుతాను. తాళాలు తే." ఆ మాట నా నోట్లోంచి ఎంత గబుక్కున వచ్చిందంటే, ఆ ఏసీ చల్లదనం అప్పుడే మొహానికి తగిలినట్టయింది.

ఆమె తల దించుకుంది. "తాళాలు బీరువాలో పెట్టి, ఆ బీరువా తాళం వెంట పట్టుకుపోయారండీ. కిస్తులు తీరేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వరు. గీత పడితే మళ్లీ దానికో ఖర్చని."

ఉసూరుమంటూ మా తెల్ల కారే తీశాను. రింగు రోడ్డు మీద ఎండ, ఆశ్రమ్ దగ్గర జామ్, పక్కన బస్సు పొగ. కిటికీ పిడి ఆమె చేతిలో పెడితే ఏం చెయ్యాలో తెలియక ఒళ్లో పెట్టుకు కూర్చుంది. నేను హారన్ కొడుతూ, దారికడ్డం వచ్చిన స్కూటరతన్ని "అరే భయ్యా, దేఖ్‌కే చలో" అని కసురుతూ, సందు దొరికిన చోటల్లా దూరిపోయాను. గీత పడుతుందన్న భయం లేని కారుకి ఢిల్లీలో అందరూ దారిస్తారు.

వేళకే చేరాం. ఆ అక్కాచెల్లెళ్లు కిటికీ ఊచల్లోంచి చేతులు పట్టుకుని, నవ్వుతూ ఏడుస్తూ, ఒకరి మాట ఒకరు విననివ్వకుండా మాట్లాడుకున్నారు. బండి కదిలాక ప్లాట్‌ఫారం చివరిదాకా వెంట పరిగెత్తింది ఎదురింటమ్మాయి.

తిరుగు దారిలో పిడి తనే తిప్పి అద్దం దించుకుంది. చెయ్యి కిటికీ బయట పెట్టి గాలి పట్టుకుంటూ కూర్చుంది. మూల్‌చంద్ దాటాక అంది:

"మీకేంటి వదినగారూ. తాళంచెవి మీ బొడ్లోనే ఉంటుంది. ఎటు వెళ్లాలంటే అటు వెళ్లిపోతారు. మీరు రోజూ పొద్దున్నే కారు తీస్తుంటే మా వంటింటి కిటికీలోంచి చూస్తానండీ. ఏమీ అనుకోకండి, మిమ్మల్ని చూస్తే నాకు భలే కుళ్లు."

అంత తియ్యటి మాట నేను అంతకుముందు వినలేదు. బిగ్గరగా పాడాలనిపించింది. "మళ్లీ చెప్పమ్మా" అన్నాను. పాపం, చెప్పింది.

ఆ ఊపులోనే, "నాకూ నేర్పుతారా?" అంటే ఓ, దానికేం భాగ్యం అనేశాను. మగవాళ్లు ఆఫీసులకి పోయాక, మా సెక్టారు వెనకున్న ఖాళీ మైదానంలో పాఠాలు మొదలుపెట్టాం. వాళ్లాయనకి చెప్పొద్దంది. నేనెందుకు చెబుతాను? మొదట్లో క్లచ్ వదిలేసి ఎగిరెగిరి పడుతుంటే నాకు లోలోపల హాయిగానే ఉండేది. "కంగారు పడకు, నాకూ నెల పట్టింది" అని పెద్దరికంగా చెప్పేదాన్ని.

ఆ పిల్లకి నెల పట్టలేదు. వారం తిరిగేసరికి మా కారు ఆమె మాట వినడం మొదలుపెట్టింది. నేను వేస్తే కర్రుమని అరిచే రెండో గేరు ఆమె చేతిలో చప్పుడు లేకుండా పడేది. నేను ఎన్నిసార్లు తాళం తిప్పినా బతిమాలించుకునే ఇంజను, ఆమె ఒక్కసారి తిప్పితే చాలు, అందుకునేది. ఒకరోజు ఆఫీసుకి సెలవు పెట్టిన మావారు మైదానం దాకా వచ్చి చూసి, "ఆ అమ్మాయి చేతిలో గేరు ఎంత మెత్తగా పడుతోందో చూశావా?" అన్నారు.

"చూశాన్లెండి" అన్నాను. ఆ రాత్రి చారులో ఉప్పు వెయ్యడం మరిచిపోయాను.

తరవాతి వారంలో ఒకరోజు ఎదురింటమ్మాయి, "ఒక్క రౌండు ఒక్కదాన్నే వేస్తానండీ వదినగారూ" అంది. దిగి, పర్సు పట్టుకుని మైదానం అంచున నిలబడ్డాను.

కారు దుమ్ము లేపుకుంటూ ముందుకి సాగింది. కొన్న దగ్గర్నుంచీ అది కదులుతుంటే బయట నిలబడి చూడటం నాకదే మొదలు, ఎప్పుడూ నేను లోపలే కదా. ఆ చివర్న వేపచెట్ల దగ్గర తిరిగి నా వైపు వచ్చింది. అద్దాలన్నీ దింపి ఉన్నాయి. జుట్టు చెదిరిపోతోంది, కొంగు ఎగురుతోంది, ఒక చెయ్యి కిటికీ మీద ఆనించి నవ్వుకుంటోంది. ఎవరి అనుమతీ అక్కర్లేని మనిషిలా, పొద్దంతా తనదే అయినట్టు పోతోంది. ఆ తెల్ల కారులో ఉన్న మనిషిని చూస్తే నాకు కడుపు రగిలిపోయింది. వెండిరంగు కారుని చూసినప్పుడు కూడా అంత మంట పుట్టలేదు.

ఇక చాలు, దిగమని గట్టిగా చెయ్యి ఊపాను. ఆమె మెచ్చుకుంటున్నాననుకుని, నాకూ చెయ్యి ఊపి, ఇంకో రౌండుకి వెళ్లిపోయింది.