మెల్లగా పాడే పెట్టె

మా టికియాపారా పేటలోని క్రైస్తవ సంఘంలో గిటారు వాయించే మావయ్యకు ఒక అలవాటుండేది. టీవీ అయినా మందిరంలో మైకయినా, ముందు సౌండు బాగా తగ్గించి, చెవి ఆనించి, కళ్లు మూసుకుని నవ్వేవాడు.

ఇంట్లో వాయించుకోవడానికి చవకగా ఒక ఆంప్లిఫయర్ కొనాలని ఆయన కోరిక. ఇల్లేమో ఒక్క గది. తెల్లవారకముందే వీధులు ఊడ్చే పనికి వెళ్లే అత్తయ్య మధ్యాహ్నం పడుకునేది. తన నిద్ర చెడితే ఆ గిటారు అమ్మేస్తానని ముందే చెప్పింది.

కొట్టుకు నేనూ తోడు వెళ్లాను. కొట్టాయన పెద్ద పెట్టె ఒకటి తెచ్చి, గిటారు పాట పెట్టి సౌండు పూర్తిగా పెంచాడు. అద్దాలు అదిరాయి. మావయ్య వెంటనే తగ్గించాడు. పాట కాస్తా దగ్గులా మారింది.

"పెంచితే ఏదైనా అరుస్తాదిరా, తగ్గిస్తే పాడాల!" అన్నాడు నాతో. "కొండ మీద ప్రవక్తకి దేవుడు పెనుగాలిలో ఇనబడ్డాడేటి? మెల్లని గొంతులో కదా!"

చివరికి టిఫిను డబ్బా అంత పెట్టె దొరికింది. గుసగుసలాంటి సౌండులోనూ ప్రతి తీగా విడిగా పలికింది.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య గురక పెడుతోంది. మావయ్య సౌండు బాగా తగ్గించి కీర్తన మొదలుపెట్టాడు. నేను లోలోపల ప్రార్థిస్తూనే ఉన్నాను. కీర్తన ముగిసింది, గురక మాత్రం ఆగలేదు. ఆయన ఆనందం పట్టలేక రెండు చేతులూ పైకెత్తి, "హల్లెలూయా!" అని కప్పు ఎగిరేలా కేకేశాడు.

అత్తయ్య ఉలిక్కిపడి లేచింది. పెట్టెను చూసింది, గిటారును చూసింది, ఆయన్ని చూసింది.

"గిటారు ఉండనీ, ముందు నిన్ను అమ్మీసొస్తాను!"