పుట్టని కేకుకు బేరం

కరోనా ఆంక్షలు పూర్తిగా సడలిన ఏడాది జూన్‌లో బ్యాంకు నన్ను శాఖ నుంచి తప్పించి, విశాఖపట్నంలోని ఒక స్వయం ఉపాధి శిక్షణ కేంద్రానికి డెప్యుటేషన్ మీద పంపింది. అప్పటికి నేను స్కేల్ టూ మేనేజర్‌ని. ఆ కేంద్రంలో నా హోదాకు ‘ఫ్యాకల్టీ’ అని పేరు. పైన డైరెక్టరు, కింద ఆఫీస్ అసిస్టెంటు, అంతే మా బలగం. కుట్టుపని, సెల్‌ఫోన్ రిపేరు, బేకరీ పని నేర్పడానికి బయటి నుంచి మాస్టర్లు వచ్చేవారు. ఆ పనితో ఎలా బతకాలో నేర్పడం నా వంతు. ప్రాజెక్టు రిపోర్టు, బ్యాంకు రుణం, ధరల నిర్ణయం నా పాఠాలు.

వీటిలో ధరల పాఠమంటే నాకు ఎక్కువ ఇష్టం. ధరలు అడగడం చిన్నప్పటి నుంచీ నాకున్న జబ్బు. కొనని వస్తువు ధర కూడా అడుగుతాను. ఒకసారి మావారి స్నేహితుడి ఇంట్లో పెళ్ళికి వెళ్ళి, షామియానా అతన్ని పక్కకు పిలిచి అద్దె ఎంతకు మాట్లాడుకున్నాడో కూపీ లాగాను. ఆ పూటంతా మావారు నాతో మాట్లాడలేదు.

పాఠం సూటిగానే ఉండేది. ముడిసరుకు ఎంత, మన కూలి ఎంత, కరెంటు, గ్యాసు, యంత్రాల అరుగుదల లాంటి ఖర్చులు ఎంత? వీటిని మేము ఓవర్‌హెడ్స్ అంటాం. ఆపైన లాభం వేసుకుంటే ధర వస్తుంది. అందరూ మన కూలి దగ్గరే ఆగిపోయేవారు. మనింట్లో మనం చేసుకునే పనికి కూలి ఏమిటని నన్నే ఎదురు అడిగేవారు.

ఆ బేకరీ బ్యాచ్‌లో నూకరత్నం ఒక్కతే అక్కడ ఆగలేదు. ఆమె రోజూ, అందరూ భీమిలి అని పిలిచే భీమునిపట్నం నుంచి బస్సులో వచ్చేది. వాళ్ళది సముద్రం మీద వేటకు వెళ్ళే కుటుంబం. భర్త అప్పలరాజు పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. తల్లి పోలమ్మ ఒడ్డున చేపలు అమ్ముతుంది. నూకరత్నం అంతకు ముందు నగరంలో ఒక బేకరీలో ఐసింగ్ బల్ల దగ్గర పనిచేసింది. ఎవరు ఏ ఆకారం చెప్పినా కేకులో తెచ్చేసేది, పెట్టె మీద మాత్రం యజమాని పేరు ఉండేది. “నా సేత్తో సేసిన కేకుకి పెట్టి మీద నా పేరుండాల మేడమ్” అని మొదటి రోజే నాతో చెప్పింది. కూలి కూడా కలిపి లెక్క కట్టమంటే ఠక్కున కట్టేసేది. నేను ముచ్చటపడి ఆమె ప్రాజెక్టు రిపోర్టు దగ్గరుండి రాయించాను. ఓవెనుకు, మిక్సరుకు, ఫ్రిజ్‌కు రుణం మంజూరైంది. వాయిదాలు మొదలు కావడానికి కొన్ని నెలల గడువు ఇచ్చారు. దాన్ని బ్యాంకులో మారటోరియం అంటారు.

శిక్షణతో మా పని పూర్తయ్యేది కాదు. నేర్చుకున్నవారు నిలదొక్కుకునే దాకా ఫోన్లు చేయాలి, ఇళ్ళకు వెళ్ళి చూడాలి. దీన్ని హ్యాండ్‌హోల్డింగ్ అంటారు. సొంత సంపాదన నిలకడగా వస్తోందని మేము రాసినప్పుడే ఆ మనిషి ‘సెటిల్’ అయినట్టు లెక్క. నూకరత్నం గురించి నాకు బెంగ లేదు. అందుకే గడువు ముగుస్తుండగా వెళ్ళాను. వెళ్ళేసరికి ఇంట్లో ఓవెన్ అమ్మేయడం గురించి మాటలు నడుస్తున్నాయి. “ఈ నెల సూద్దుం. నేకపోతే అమ్మీసి లోను తీర్సీద్దుం” అన్నాడు అప్పలరాజు. మనిషి మంచివాడే, అప్పంటే భయం. పాత బేకరీ యజమాని ఆమెను మళ్ళీ ఐసింగ్ బల్లకు రమ్మని కబురు కూడా పెట్టాడు.

ఆర్డర్లు లేవా అంటే బోలెడు ఉన్నాయి. రుషికొండ దగ్గర కంపెనీల నుంచి, కొత్త అపార్టుమెంట్ల నుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయి. చేతినిండా పని ఉండి చేతిలో డబ్బు ఎందుకు లేదో నాకు అంతుపట్టలేదు. వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఆమె పని చూస్తూ ఉండిపోయాను.

కాసేపటికి ఒకావిడ ఫోన్ చేసి, పాప పుట్టినరోజుకు రెండు కిలోల బొమ్మ కేకు అడిగింది. నూకరత్నం చేతులకు క్రీము ఉండడంతో స్పీకర్ పెట్టి మాట్లాడింది. “రెండు వేల నాలుగొందలవుతాదండీ” అంది. అటు నుంచి జవాబు లేదు. “పోనీ రెండు వేల రెండొందలివ్వండి” అంది. అప్పుడూ జవాబు లేదు. “ఉదయాన్నే బోణీ బేరం, రెండు వేలికి సేసీత్తానండి” అంది. అప్పుడు ఫోన్‌లోంచి “హలో, వినపడట్లేదండీ, ఎంతన్నారు?” అని వినిపించింది. నూకరత్నం రెండు వేలేనని చెప్పి ఫోన్ పెట్టేసింది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈమె అడక్కుండానే నాలుగు వందలు పెట్టేసింది, అదీ సిగ్నల్ లేని ఫోనుకు. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఒకటి ఉంది కానీ, దాన్ని అచ్చులో పూర్తిచేయడం బాగుండదు. నాకు కోపం రాలేదు, ఆశ్చర్యమే వేసింది. కాగితం మీద పైసా వదలని మనిషి నోటికి వచ్చేసరికి ఎందుకు జారిపోతోంది? ఎందుకలా చేశావని అడిగితే, “ఏటో మేడమ్, అవతలోలు మాటాడకపోతే గుండె దడదడలాడతాది” అంది.

ఆ జవాబు నన్ను వదల్లేదు. మరో ఉదయం భీమిలి ఒడ్డుకు వెళ్ళి పోలమ్మ పక్కన కూర్చున్నాను. కూతురు బేరం ఎక్కడ నేర్చుకుందో చూడాలని నా కుతూహలం. పోలమ్మ కానాగంత చేపల్ని వాటాలు పెట్టి అమ్ముతోంది. ముందు గట్టిగానే ఒక ధర చెప్పేది. కొనేవాళ్ళు నోరెత్తకుండా చూస్తూ నిలబడితే తనే ఒక మెట్టు దిగేది. ఇంకా మాట్లాడకపోతే మరో మెట్టు దిగేది. చూస్తే అచ్చం కూతురి ఫోను బేరమే. ఎందుకు దిగుతున్నావని అడిగాను.

“కొనీవోలు మాటాడకపోతే కాళ్ళు కదిలీసినట్టే అమ్మా. ఎండెక్కితే సేప నా మాట ఇంటాదేటి? ఇప్పుడైతే నాలుగు డబ్బులొత్తాయి, మజ్జాన్నానికి వాసనొత్తాది” అంది పోలమ్మ. తరువాత నేను ఎన్నో ధరలు అడిగాను కాబట్టి ఏ వాటా తీసుకుంటానో చెప్పమంది. ధరలు అడిగి ఉత్త చేతులతో లేవడం ఆ ఒడ్డున కుదిరే పని కాదు. రెండు వాటాలు కొన్నాను.

ఆ చేపల సంచితోనే నూకరత్నం ఇంటికి వెళ్ళి, చూసినదంతా కథలా చెప్పాను. నాకు అప్పటికి తట్టింది ఒక్కటే, అలవాటు తల్లి నుంచి వచ్చిందని. నూకరత్నం గిన్నె అంచున క్రీము గీకుతూ వింటోంది. ఎండ మాట దగ్గర చెయ్యి ఆపేసింది.

“అమ్మ సేప బుట్టలో ఉన్నాది మేడమ్. నా కేకు ఇంకా పుట్టనేదు కదా” అంది. గిన్నె పక్కన పెట్టి, “మరేటి కుళ్ళిపోతాదని నాను దిగుతన్నాను?” అని తనే అడిగింది.

నేను ఆ మాట పట్టుకున్నాను. చేప బేరంలో పొద్దు అమ్మేవాళ్ళను తరుముతుంది. ఆర్డరు కేకు బేరంలో తరిమేది కొనేవాళ్ళనే, ఎందుకంటే పుట్టినరోజు ఎవరి కోసమూ ఆగదు. పైగా ఫోన్‌లో అవతలివాళ్ళు మాట్లాడకపోవడమంటే వెళ్ళిపోవడం కాదు. ఆలోచిస్తూ ఉండవచ్చు, మొగుడిని అడుగుతూ ఉండవచ్చు, సిగ్నల్ పోయి ఉండవచ్చు. మా పాఠంలో ధర కట్టడం ఉంది కానీ ధర చెప్పడం లేదని నాకు ఆ రోజు తెలిసింది.

ఇద్దరం కూర్చుని రెండు కట్టుబాట్లు పెట్టుకున్నాం. ధర ఒకసారి చెప్పాక అవతలివాళ్ళు మాట్లాడేదాకా నోరు విప్పకూడదు. ఎక్కువన్నారని ధర తగ్గించకూడదు, తగ్గితే పని తగ్గాలి. రెండోది కాంట్రాక్టర్ల దగ్గర నేను చూసినదే. స్పెసిఫికేషన్ తగ్గితే తప్ప వాళ్ళు రేటు తగ్గించరు. నేను కొనేదాన్నిగా నటించి సాధన చేయించాను. ఊరికే కూర్చుని మౌనంగా ఉండడం నూకరత్నం వల్ల కాలేదు. చివరికి ఒక ఉపాయం దొరికింది. ధర చెప్పగానే గుడ్డ తీసుకుని, కేకును తిప్పుతూ అలంకరించే బల్లను తుడవాలి. అప్పుడే ఒడ్డు నుంచి వచ్చిన పోలమ్మకు ఇదంతా నచ్చలేదు. “మాటాడకుండా బల్ల తుడుత్తా కూకుంటే కొనీవోడు పోడేటి?” అంది. పోతాడేమోనని నాకూ లోపల అనుమానమే.

ఆ నెల చివరి వారంలో నేను అక్కడ ఉండగానే సత్యారావు అనే ఫోర్‌మన్ వచ్చాడు. ఉక్కు కర్మాగారంలో ఇనుప ఖనిజాన్ని కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ విభాగం అతనిది. వాళ్ళ పెద్ద సారు పదవీ విరమణ చేస్తున్నారట, భీమిలిలో కట్టుకున్న ఇంట్లో విందు ఇస్తున్నారట. ఉద్యోగి ఏ తేదీన పుట్టినా విరమణ నెల ఆఖరి రోజునే, కాబట్టి రోజు మారదు. ఫర్నేస్ ఆకారంలోనే కేకు కావాలని అతను ఫోన్‌లో ఫోటో చూపించాడు. మధ్యలో పెద్ద కొలిమి, పైన గొట్టాలు, పక్కన గాలిని వేడిచేసే గుమ్మటాల స్తంభాలు ఉన్నాయి. ఆ స్తంభాలను వాళ్ళు స్టవులు అంటారు.

నూకరత్నం ఫోటోను పెద్దది చేసి చూసింది, ఎంతమంది తింటారో అడిగింది, లోపలికి వెళ్ళి లెక్క కట్టుకుని వచ్చింది.

“ఏడు వేలవుతాదండీ” అని, గుడ్డ తీసుకుని బల్ల తుడవడం మొదలుపెట్టింది.

సత్యారావు మాట్లాడలేదు. అప్పలరాజు గుమ్మంలో నిలబడి గోడ వైపు చూస్తున్నాడు. ఈ ఒక్క ఆర్డరు చెయ్యి జారితే ఓవెన్ ఉండదని ఆ గదిలో సత్యారావుకు తప్ప అందరికీ తెలుసు. మూల కూర్చున్న పోలమ్మ ‘ఆరుకి’ అని నోరు తెరిచింది. నూకరత్నం పక్కన కోసి పెట్టిన కేకు ముక్క ఒకటి తీసి తల్లి చేతిలో పెట్టింది. పోలమ్మ దాన్ని నోట్లో వేసుకోక తప్పలేదు. నిజం చెప్పాలంటే నాకూ నోరు ఆగడం లేదు. నేనూ ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాను.

“అంతేటండీ? సెక్షనోలం తలా కొంత ఏసుకున్నాం. ఆరు దాటనేదు” అన్నాడు సత్యారావు చివరికి.

“ఆరుకీ సేత్తానండి. స్టవులు తీసీమంటారా, పైన గొట్టాలు తీసీమంటారా?” అని అడిగింది నూకరత్నం. గొంతులో వెటకారం లేదు, నిజంగానే అడిగింది.

సత్యారావు ఫోటో వైపు చాలాసేపు చూశాడు. స్టవుల మీద వేలు పెట్టి మూశాడు, తీశాడు. గొట్టాల మీద పెట్టాడు. “స్టవులు నేకపోతే గాలెలా వేడెక్కుతాదండీ, ఫర్నేసు ఆగిపోదా?” అన్నాడు. “మా సారు సర్వీసంతా దాన్ని ఆగకుండా సూసుకున్నారు. ఆకర్రోజున నాం ఆపీత్తామా?” అని తనే జవాబు చెప్పుకున్నాడు. బయటికి వెళ్ళి ఎవరెవరికో ఫోన్ చేసి వచ్చి, ఏడు వేలకే ఒప్పుకుని సగం అడ్వాన్సు ఇచ్చాడు. నూకరత్నం అతన్ని గేటు దాకా సాగనంపి వచ్చింది. నాకు ఎంత సంతోషం వేసిందంటే, మిగిలిన కేకు ముక్కలు కూడా నేనే తినేశాను.

ఆ కేకును నేను ఫోటోలోనే చూశాను. కొలిమి అడుగున కరిగిన ఇనుము వచ్చే రంధ్రంలోంచి నారింజ రంగు జెల్లీ కారుతోంది. విందుకు వచ్చిన ఉక్కు ఉద్యోగులు పెట్టె మీది పేరు, నంబరు రాసుకున్నారట. విరమణలు ప్రతి నెలా ఉంటాయి. ఓవెన్ అమ్మలేదు. మొదటి వాయిదా గడువుకు ముందే కట్టారు. ధర విని వెళ్ళిపోయినవాళ్ళు లేరని కాదు, ఉన్నారు. వాళ్ళ కోసం గుండె దడదడలాడడం తగ్గిందని నూకరత్నం చెప్పింది. కొంతకాలం చూసి ఆమె పేరు ఎదురుగా ‘సెటిల్డ్’ అని రాశాను. పోలమ్మ మాత్రం ఒడ్డున ఎప్పటిలాగే మెట్టు మెట్టు దిగుతోంది. చేపలకు అదే సరైన పద్ధతి.

తరువాత నా వంతు వచ్చింది. నా విరమణా నెలాఖరునే. కేకు ఆర్డరు నేనే ఇస్తానని పట్టుబట్టి భీమిలి వెళ్ళాను. జీవితమంతా ధరలు అడిగినదాన్ని కాబట్టి తక్కెడ ఆకారంలో చేయమన్నాను. నూకరత్నం లెక్క కట్టుకుని ధర చెప్పింది. చెప్పి, గుడ్డ తీసుకుని బల్ల తుడవడం మొదలుపెట్టింది.

ఆ గుడ్డ సంగతి నాకు తెలుసు. ఎవరు ముందు మాట్లాడితే ఏమవుతుందో కూడా తెలుసు. అయినా, “నాక్కూడా అంతేనా?” అన్న మాట నా నోటి నుంచే వచ్చింది.

“తక్కెట్లో ఒక పళ్ళెం తీసీమంటారా మేడమ్?” అని అడిగింది నూకరత్నం.

అడిగినంతా ఇచ్చాను. ధర కట్టడం లెక్కల పని, రెండు రోజుల్లో నేర్పవచ్చు. ధర చెప్పడం వేరే పని, ఎండ ఎవరి మీద పడుతోందో ముందు చూసుకోవాలి. ఆ రోజు ఎండ నా మీద ఉంది.