మంగళవారం నాటి ఎగ్‌రోల్స్

నేను శ్రీకాకుళం నుంచి ఉద్యోగానికని హిందీ మాట్లాడే ఉక్కు నగరానికి, అక్కడి సీతారాండేరా పేటలోని అక్కా బావల ఇంటికి వచ్చిన ఆ రోజుల్లో, ఇంట్లో టీ ఉండగా బయట కొనుక్కు తాగేవాళ్లంతా నా కంటికి తెలివితక్కువవాళ్లే. అదే ఊళ్లో, జుగ్సలాయిలో ఒక కాంట్రాక్టరు గోదాము దగ్గర ఎండలో నిలబడి లారీల సరుకు దింపించే పని నాది. మిగతావాళ్లు సందు మొదట్లోని టీకొట్టుకు వెళితే, నేను అక్క ఇచ్చిన ఫ్లాస్కు తీసి ఇనుప చువ్వల మీద కూర్చుని ఒక్కణ్ణే తాగేవాణ్ణి. (మొదట్లో ఒకసారి రమ్మన్నారు. రెండోసారి ఎవరూ అనలేదు. నేనది మరిచిపోలేదు.)

ఇంతలో లోపల ఫ్యాను కింద ఉండే స్టోరుబాబు కుర్చీ ఖాళీ అయింది. నాకే ఇస్తారనుకున్నాను. నా తర్వాత చేరి, సూపర్‌వైజరుకు రోజూ సమోసాలు తినిపించినవాడికి ఇచ్చారు! రైల్వేలో పనిచేసే మా బావ దగ్గర మొరపెట్టుకున్నాను.

"మరేటనుకున్నావురా? ఆడు పనొక్కటే సూత్తాడేటి? పక్కన నిలబడ్డోడిని సూత్తాడు. అసలు నీ పేరు తెల్సా ఆడికి?"

తెలియదు. నన్ను "ఏయ్ ఫ్లాస్క్" అని పిలిచేవాడు.

మా కాంట్రాక్టరుదే పర్సుడీహ్ గోదాములో ఇంకో స్టోరుబాబు కుర్చీ ఖాళీ అవుతోందని విన్నాక, ఖర్చే మందైతే ఒకేసారి పెద్ద మోతాదు వేద్దామనుకున్నాను. సమోసాలను తలదన్నేలా, అందరికీ వేడివేడి ఎగ్‌రోల్స్ తెచ్చి టీకొట్టు బల్ల మీద పెట్టాను. ఒక్కరూ చెయ్యి చాపలేదు. సూపర్‌వైజరు తన నుదుటి సిందూరం చూపించి, "అరే భాయ్, ఆజ్ మంగళ్‌వార్ హై!" అన్నాడు. హనుమంతుడి రోజట, అక్కడెవరూ గుడ్డు ముట్టరట. మా ఇంట్లో నీచు మానేది శనివారం. మంగళవారం సంగతి నాకెవరు చెప్పారు? (ఆ కొట్టు దగ్గర నాలుగు వారాలు నిలబడి ఉంటే ఎవరూ చెప్పక్కర్లేకపోయేది.)

"కంజూస్ ఒక్కరోజు ఖర్చుపెట్టాడు, అదీ మంగళ్‌వార్ నాడు!" అని ఆయన పడీపడీ నవ్వి, నాకు తనే టీ ఇప్పించి, మొదటిసారి నా పేరడిగాడు. ఎగ్‌రోల్స్ అన్నీ బావే తిన్నాడు. "బాగున్నాయిరా, వచ్చే మంగళారం కూడా తే!"

పర్సుడీహ్ కుర్చీ నాకే వచ్చింది. నేను పెట్టిన ఖర్చుకు వచ్చిందో, ఊరికే తాగిన ఆ టీకి వచ్చిందో, ఎంత ఆలోచించినా ఇప్పటికీ తేలడం లేదు.

ఇప్పుడు నేనూ టీకొట్టుకు వెళతాను, అందరికీ ఇప్పిస్తాను కూడా. చువ్వల మీద ఒంటరిగా కూర్చున్న ఆ మొండివాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. అయినా ఆనాటి వాళ్లెవరైనా కనిపిస్తే, టీ తాగుతారా అని ఒక్కసారే అడుగుతాను.